1812 నాటి ఎర్రకోటు సిపాయి వేషం: యూకేలో రీఎనాక్ట్‌మెంట్ గ్రూపుల్లో మనవాళ్ళెవరైనా ఉన్నారా?

లీడ్స్_లింగం
అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద లీడ్స్ వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఈ మధ్య పిల్లలతో ఒక పాత ఎస్టేటు చూడ్డానికి వెళ్తే, నెపోలియన్ కాలం నాటి సైనికుల వేషాల్లో ఓ గుంపు మైదానంలో డేరాలేసుకుని ఉంది. కవాతు చేశారు, తుపాకులు పేల్చారు, పొయ్యి మీద గంజి లాంటిదేదో కాచుకున్నారు. మాటలు కలిపితే, 33వ పటాలం అని చెప్పి, "డ్రిల్లుకి రా, నచ్చితే చేరు" అన్నారు. అప్పట్నించీ నిద్ర పట్టట్లేదు.

నా అనుమానాలు: ఖర్చెంతవుతుంది? తుపాకీ లైసెన్సు సంగతేంటి? అన్నిటికన్నా, నా రంగు, నా మొహం వేసుకుని 1812 నాటి ఇంగ్లీషు సిపాయిల వరసలో నిలబడితే చూసేవాళ్ళు నవ్వరా? మా ఆవిడైతే "చిన్నప్పుడు బుర్రకథలో వంత పాడతానంటే మీ నాన్న కొట్టాడట కదా, ఆ కసి ఇప్పుడు తీర్చుకుంటున్నావా" అంటోంది.

తూటాకాగితం
లింగంగారూ, రండి రండి. నేను మిడ్‌లాండ్స్‌లో ఉంటాను, కొన్నేళ్ళుగా ఇదే పిచ్చి.

ముందు డబ్బు సంగతి. మొదటి ఏడాది ఏమీ కొనకండి. ఏ గ్రూపులోనైనా మానేసినవాళ్ళ కోట్లు, టోపీలు ఓ పెట్టెడు పడుంటాయి, కొత్తవాళ్ళకి అవే ఇస్తారు. సొంతంగా కొనాల్సిన మొదటి వస్తువు బూట్లు. ఆ రోజుల్లో సిపాయి బూట్లకి కుడీ ఎడమా తేడా ఉండేది కాదు, రెండూ ఒకే అచ్చు. ఇప్పటి గ్రూపులు అంత చాదస్తానికి పోవు గానీ, వేరేవాళ్ళ పాదానికి సాగిన బూట్లతో తడిగడ్డిలో రోజంతా నడిస్తే మీరు మళ్ళీ రారు.

కోటు మందపాటి ఉన్ని. ఫోటోల్లో చూసి అందరిదీ ఒకే ఎరుపు అనుకుంటాం. సిపాయిది మంజిష్ఠ జాతి వేళ్ళతో అద్దిన ఇటుక ఎరుపు, ఆఫీసరుది నిగనిగలాడే సిందూరం. మెడకి తోలుపట్టీ ఒకటి కడతారు. అది కట్టాక తల దించడం కుదరదు, పక్కకి చూడాలంటే ఒళ్ళంతా తిరగాలి. చిత్రాల్లో వాళ్ళంతా అంత దర్జాగా ఎందుకు నిలబడ్డారో ఆ పట్టీ కట్టుకున్న పావుగంటకి తెలుస్తుంది.

డ్రిల్లంతా 1792 నాటి డండాస్ నిబంధనల (బ్రిటిష్ సైన్యం కవాతు రూళ్ళు) ప్రకారం. మామూలు నడక నిమిషానికి 75 అడుగులు, వడి నడక 108. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. నిమిషానికి 75 అంటే మనం రోడ్డు మీద నడిచేదానికన్నా బాగా నెమ్మది, కాలు గాల్లో ఆగుతుంది. పెళ్ళి ఊరేగింపుల్లో నడిచి నడిచి అలవాటైపోయిందేమో, ఆ నడక మనవాళ్ళకి తొందరగా పట్టుబడుతుందని నా అభిప్రాయం.

రంగు సంగతి. జమైకాలో పుట్టిన జార్జ్ రోజ్ అనే నల్లజాతి సిపాయి 73వ పటాలంలో ఉండి, 1815లో నెపోలియన్ ఓడిపోయిన వాటర్‌లూ యుద్ధంలో గాయపడ్డాడు. 29వ పటాలంలో దాదాపు ఎనభై ఏళ్ళపాటు డప్పు వాయించేవాళ్ళు నల్లజాతివాళ్ళే. కాబట్టి ఎవరైనా నోరెత్తితే చెప్పడానికి సమాధానం ఉంది. నన్నింతవరకూ ఎవరూ అడగలేదు. ఒకసారి ఒక ముసలాయన మాత్రం "మీ మద్రాసు పటాలాల వాళ్ళ వేషం ఎవరూ కట్టరేం?" అని అడిగాడు. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

బందరు_లడ్డు
అన్నా, తుపాకీలో నిజం గుండు వేస్తారా? పొరపాటున పక్కోడికి తగిలితే?

తూటాకాగితం
గుండు ఉండదు తమ్ముడూ. కాగితం పొట్లంలో మందు మాత్రమే. వరస చెప్తాను, విను.

"ప్రైమ్ అండ్ లోడ్" అనగానే తుపాకీ నడుం దగ్గరికి తెచ్చి, గుర్రాన్ని, అంటే చెకుముకి రాయి బిగించిన కొక్కేన్ని, సగం వెనక్కి లాగుతాం. నడుం పెట్టెలోంచి పొట్లం తీసి పళ్ళతో చించాలి. నాలిక మీద ఉప్పు, గంధకం కలిసిన రుచి, సాయంత్రం దాకా టీలో కూడా అదే. చిటికెడు మందు పళ్ళెంలో (గొట్టం పక్కనుండే చిన్న గుంట) పోసి మూత వేస్తాం. తుపాకీ నిలువుగా దించి మిగతా మందు గొట్టంలో పోస్తాం. అసలు సిపాయి అయితే గుండుతో సహా కాగితాన్ని కడ్డీతో కూరేవాడు. మా గ్రూపులో కడ్డీ బయటికి తియ్యనివ్వరు, హడావుడిలో గొట్టంలోనే మర్చిపోయి పేలిస్తే అదే బల్లెం అవుతుంది కనక. "మేక్ రెడీ", "ప్రెజెంట్", "ఫైర్". గుర్రం పడుతుంది, చెకుముకి రాయి ఉక్కుని గీరి నిప్పురవ్వలు పళ్ళెంలో రాలతాయి, కన్నం గుండా నిప్పు లోపలికి పాకుతుంది. మధ్యలో రెప్పపాటు ఆలస్యం ఉంటుంది చూడు, ఆ ఆలస్యంలోనే కొత్తవాడు కళ్ళు మూసుకుంటాడు.

మంట కుడి పక్కకి చిమ్ముతుంది, అంటే నీ పక్కవాడి చెంప మీదికి. అందుకే పళ్ళెం పక్కన ఇత్తడి రేకు బిగించాల్సిందే. గొట్టం మనుషుల మీదికి కాక పైకి చూపించాల్సిందే. పేలకపోతే గొట్టం పైకెత్తి ఆగడమే, తొంగి చూస్తే సార్జెంటు నీ తాతల్ని తలుస్తాడు. ఆరితేరిన సిపాయి నిమిషానికి మూడుసార్లు పేల్చేవాడు. వాన పడ్డరోజు నిమిషానికి ఒకటి పేలినా నేను సంబరపడతాను.

లింగంగారూ, లైసెన్సు: నున్నటి గొట్టం మస్కెట్‌కి షాట్‌గన్ సర్టిఫికెట్ చాలు. ఆకుపచ్చ కోటు 95వ రైఫిల్స్ వాళ్ళ బేకర్ రైఫిల్ కావాలంటే గొట్టం లోపల మెలితిరిగిన గాళ్ళుంటాయి గనక ఫైర్‌ఆర్మ్ సర్టిఫికెట్, అది ఇంకాస్త గట్టి వ్యవహారం. మందు కొనడానికి, దాచడానికి విడిగా కాగితాలు. అన్నీ పోలీసుల దగ్గరే. ఇంటికొచ్చి బీరువా చూసి వెళ్తారు.

చెకుముకి
తుపాకీ కొనేటప్పుడు నా గోడు కూడా వినండి. ఇటలీ నుంచి వచ్చే బ్రౌన్ బెస్ (బ్రిటిష్ సిపాయి మస్కెట్‌కి ముద్దుపేరు) వెయ్యి పౌండ్ల పైమాటే. పైగా దాని గొట్టం 42 అంగుళాలు, పాత నమూనా. నెపోలియన్ యుద్ధాల్లో బ్రిటిష్ సిపాయి చేతిలో ఎక్కువగా ఉన్నది 39 అంగుళాల ఇండియా ప్యాటర్న్. ఈస్టిండియా కంపెనీ తన పటాలాల కోసం చేయించుకున్న చవక రకం అది. 1790లలో ఫ్రాన్సుతో యుద్ధం ముంచుకొచ్చి తుపాకులు చాలకపోతే, బ్రిటిష్ ప్రభుత్వం కంపెనీ గిడ్డంగుల మీద పడి అవే తీసుకుంది, 1797 నుంచి అదే నమూనా తనూ చేయించింది. వాటర్‌లూలో బ్రిటిష్‌వాళ్ళు పేల్చినవి చాలావరకూ మన ఎండల కోసం పుట్టిన తుపాకులే!

ఆ 39 అంగుళాల నకళ్ళు ఇప్పుడు చేసేది మన దేశంలోనే. ధర సగం. చిక్కేంటంటే చాలావాటికి మందుకన్నం పొడవకుండా పంపుతారు, కాగితాల మీద అది బొమ్మ. కొన్నాక తుపాకీ మిస్త్రీతో పొడిపించి, లండన్ లేదా బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌లో పరీక్ష చేయించాలి. నేను కొన్నదాని ఉక్కు ఎంత మెత్తగా వచ్చిందంటే రవ్వ రాలదు. అమ్మినవాణ్ణి అడిగితే "గోడకి తగిలించుకోండి, బాగుంటుంది" అన్నాడు. ఉక్కు మళ్ళీ కాల్పించి గట్టిపరిస్తే గానీ దారికి రాలేదు. రాళ్ళు మాత్రం ఇంగ్లండ్ సఫోక్‌లోని బ్రాండన్‌వి తెప్పించుకోండి, ఆ రోజుల్లో సైన్యానికి వెళ్ళినవీ అక్కడివే.

టొరంటో_బావగారు
మాకు ఇక్కడ నెపోలియన్ లేడు గానీ 1812 యుద్ధం ఉంది, అమెరికాతో. హామిల్టన్ దగ్గర స్టోనీ క్రీక్‌లో జూన్ నెలలో చేస్తారు, కుటుంబంతో వెళ్ళదగ్గది. అసలు పోరు 1813 జూన్ 6, తెల్లారకముందు చీకట్లో. బ్రిటిష్‌వాళ్ళు ఏడొందల మంది, అమెరికన్లు మూడు వేలకు పైన. ఆ చీకట్లో ఎవడు ఎవడో తెలీక అమెరికా జనరళ్ళు చాండ్లర్, విండర్ ఇద్దరూ శత్రువు చేతికే చిక్కారు. మా అబ్బాయికి ఆ ఘట్టం అంటే ప్రాణం, ప్రతిసారీ విరగబడి నవ్వుతాడు.

టొరంటోలోని పాత కోట ఫోర్ట్ యార్క్‌లో ఒకప్పుడు వేసవికి కాలేజీ పిల్లల్నే గార్డుగా పెట్టుకునేవాళ్ళు, జీతం ఇచ్చి మరీ.

కడప_కారం
అంతా బాగానే ఉంది గానీ నాకొకటి అర్థం కాలేదబ్బా. ఆ కోటు ఎవరిది? కంపెనీ దొరలు మా సీమలో పాలెగాళ్ళను ఒక్కొక్కర్నే పట్టి, కోటలు కూలగొట్టి, కట్టెత్తనీకుండా చేసినోళ్ళది. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికి పొయ్యాక మన్రో వచ్చి ఏడేండ్లు ఇదే పని. ఆ కోటేసుకుని మీరు ఫోటో దిగి వాట్సాప్‌లో పెడితే మా జేజినాయన ఉంటే చెప్పు తీసుకునేటోడు. వేషమే కట్టాలనుకుంటే పాలెగాని వేషం కట్టండి, నేను కూడా వస్తా.

లీడ్స్_లింగం
అన్నా, కాదనను. కానీ వాటర్‌లూ 200వ ఏడు, 2015లో, ఇంచుమించు ఐదు వేల మంది, మూడొందల గుర్రాలు మైదానంలోకి దిగితే, దేశాన్ని బట్టి పటాలం ఎంచుకోవాలని ఎవరికీ షరతు లేదు. ఇంగ్లండ్‌లోనే ఫ్రెంచి పటాలాల వేషం కట్టే గ్రూపులున్నాయి. వాళ్ళకి ఇది ఎవరి పక్షం అన్న మాట కాదు.

కడప_కారం
వాళ్ళిద్దరూ సమానంగా కొట్లాడుకున్నారు, ఇప్పుడు సమానంగా ఆడుకుంటాండారు. మన కత అది కాదు కదా లింగమన్నా.

గోల్కొండ_గోలి
కారం అన్న చెప్పింది నిజమే గని, గా 33వ పటాలం మనకు కొత్తదేం గాదు. 1799ల శ్రీరంగపట్నం మీదికి పోయినప్పుడు మన నిజాం ఫౌజు మీర్ ఆలం కింద పోయింది. దానికి తోడుగ ఇచ్చిన గోరా పటాలం గీ 33వదే, కర్నల్ ఆర్థర్ వెల్లెస్లీ. ఆయనే తర్వాత వెల్లింగ్టన్ అయిండు. అంటే వాటర్‌లూల గెలిచిన దొర అంతకు పదహారేండ్ల ముందు హైదరాబాద్ దండుతోని కలిసి నడిచిండన్నట్టు. మీర్ ఆలం చెరువు కాడికి పోయినోళ్ళల్ల ఎంతమందికి ఎరుక గీ ముచ్చట? లింగం భాయ్, మీ గ్రూపోళ్ళకు చెప్పుండ్రి, ఖుష్ అయితరు.

ఎవరి దిక్కు అంటే మాత్రం, టిప్పు మీదికి పోయిన దిక్కు. అది గూడ చెప్పాలె.

పాతకాగితాలు
చర్చ మంచి చోటికి వచ్చింది. బట్టల గురించి ఇంత శ్రద్ధగా మాట్లాడుకుంటున్నాం కాబట్టి, బట్టల వల్లే జరిగిన సంగతి చెప్పకపోతే ఎలా?

1805 చివర్లో మద్రాసు సైన్యంలో కొత్త తలపాగా ఆజ్ఞ వచ్చింది. దూరం నుంచి చూస్తే దొరల టోపీలా ఉండేది, దానికి తోలు కుచ్చు. దానితోపాటు కవాతులో బొట్టు, విభూతి పెట్టుకోకూడదు, చెవిపోగులు తీసెయ్యాలి, గడ్డాలు, మీసాలు ఫలానా తీరులో ఉండాలి. హిందువులకీ ముస్లింలకీ ఒకేసారి మండింది. 1806 మేలో వెల్లూరులో 4వ రెజిమెంటు రెండో బెటాలియను ఆ తలపాగా పెట్టుకోం అంది. ఇద్దరికి, ఒక హిందువుకీ ఒక ముస్లింకీ, చెరో 900 కొరడా దెబ్బలు వేశారు. మిగతా పందొమ్మిది మందికి 500 చొప్పున శిక్ష పడి, క్షమాపణ చెప్తే వదిలారు. ఆ బెటాలియన్ని మద్రాసు పంపి 23వ రెజిమెంటు వాళ్ళని తెచ్చారు. జూలై 10 తెల్లవారుజామున కోటలోని సిపాయిలు తిరగబడి, నిద్రలో ఉన్న 69వ పటాలం గోరాల మీద కాల్పులు జరిపారు. వందకు పైగా చచ్చారు. ఆర్కాటు నుంచి గిలెస్పీ గుర్రపుదళంతో వచ్చి పడ్డాక సిపాయిలు వందల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. టిప్పు కొడుకుల్ని ఆ కోటలోనే ఉంచారు కనక, నెపం వాళ్ళ మీదికి కూడా పోయింది.

హైదరాబాదులోని కంపెనీ దండులోనూ అదే గుసగుస మొదలైంది. అక్కడి కర్నల్ మాంట్రెసర్ పైనుంచి అనుమతి కోసం కూర్చోకుండా తలపాగా ఆజ్ఞ రద్దు చేసిపారేశాడు, అక్కడ చల్లారింది. చివరికి గవర్నర్ బెంటింక్‌నీ సేనాపతి క్రాడక్‌నీ వెనక్కి పిలిచారు.

ఇప్పుడు కారంగారికి నా మాట. ఆ ఎర్రకోటు లోపల ఉన్నది దొర ఒక్కడే కాదు. సర్కారు జిల్లాల నుంచి, కర్ణాటకం (ఆర్కాటు నవాబు సీమ) నుంచి చేరిన తెలుగు, తమిళ, ముస్లిం సిపాయిలు. పెళ్ళాం బిడ్డలు కూడా పటాలం వెంటే నడిచేవాళ్ళు. వాళ్ళలో తిరగబడ్డవాళ్ళున్నారు, తిరగబడనివాళ్ళున్నారు. వెల్లూరు తర్వాత 1వ, 23వ రెజిమెంట్ల పేర్లు జాబితాలోంచి కొట్టేశారు. 1వ రెజిమెంటులో మిగిలినవాళ్ళకి 24 అని కొత్త నంబరు పెట్టారు. పదకొండేళ్ళ తర్వాత, 1817 నవంబరులో, నాగపూరు దగ్గర సీతాబల్డీ గుట్టల మీద ఆ 24వ వాళ్ళే భోంస్లే సైన్యాన్ని ఆపారు. ఏం బహుమానం కావాలంటే వాళ్ళడిగింది మా పాత నంబరు మాకిచ్చెయ్యమని. ఇచ్చారు.

కొరడా దెబ్బలు కొట్టిన కంపెనీని పేరు తిరిగిమ్మని అడిగిన మనిషి ద్రోహా, వీరుడా? నాకు రెండు మాటలూ అతకవు. వేషం కట్టదగ్గది ఈ మనిషిదే.

కడప_కారం
ఇది నాకు తెలీదు. పాత నంబరు అడగడం మాత్రం గుచ్చుకుందబ్బా. అయినా నేను కోటు తొడగను.

పల్నాడు_పోతురాజు
మధ్యలో దూరుతున్నా, మన్నించాలి. తెల్లోళ్ళు చేస్తే రీఎనాక్ట్‌మెంటు, మనం చేస్తే తిరునాళ్ళు. కార్తీక అమావాస్యకి కారంపూడి రండి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, ఐదురోజులు పల్నాటి యుద్ధం ఘట్టం వెంట ఘట్టం నడుస్తది. వీరుల ఆయుధాలు మోసే వంశాలోళ్ళు నాగులేరు ఒడ్డుకి దిగుతారు. మందపోరు నాడు చాపకూడు పెడతారు. ఆడ వేషం అనే మాట లేదు, పూనకమే. కవాతు అడుగులు లెక్కబెట్టేవాడుండడు.

తూటాకాగితం
పోతురాజుగారూ, ఆ తేడానే నన్ను ఎప్పుడూ లాగుతుంది. ఇక్కడ గుండీ తగరందా ఇత్తడిదా అని గంటసేపు కొట్టుకుంటారు. వీళ్ళకి వస్తువు తప్పితే అంతా తప్పినట్టే, మీకు వరస తప్పితే తప్పు. ఒకటే గొప్పని నేను చెప్పను. కానీ గుండీ గురించి కొట్టుకునేవాళ్ళ వల్లే ఇవాళ నాకు 1806 తలపాగా ఎలా కట్టేవాళ్ళో వెతకాలన్న బుద్ధి పుట్టింది.

మధ్యాహ్నం భోజనం మాటకొస్తే, నా గుడ్డసంచిలో పులిహోర ఉంటుంది. స్టీలు డబ్బా మాత్రం జనానికి కనిపించకూడదు, నార గుడ్డలో మూట కట్టాలి.

చిన్నలాయరు
ఇండియాలో చేద్దామని ఎవరైనా ఉత్సాహపడేముందు: పేలే చెకుముకి తుపాకీ అయినా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాల్సిందే. మందుకి పేలుడు పదార్థాల చట్టం. వెల్లూరు కోట లాంటివి పురావస్తు శాఖవి, లోపల ఏం చెయ్యాలన్నా అనుమతి. చెక్క తుపాకులతో కవాతు చేసుకోండి, ఎవరూ ఏమనరు.

బందరు_లడ్డు
పద్మనాభంలో చేస్తే? విజయనగరం చిన విజయరామరాజు గారు కంపెనీతో పోరాడి పడిపోయింది 1794 జూలై 10న. వెల్లూరుదీ జూలై 10! రెండు పక్షాలా మనవాళ్ళే కాబట్టి కారం అన్నకి కూడా కోటు తొడిగే బాధ తప్పుతుంది.

కడప_కారం
రాజుగారి పక్కన కత్తి పట్టుకుని నిలబడతా. టికెట్టు ఎవరు తీస్తారు?

పాతకాగితాలు
తేదీ ఒకటే గానీ 1794 కోటు వేరు, 1812 కోటు వేరు. ఒకటి కుట్టించి రెండిటికీ వాడదామంటే కుదరదు, ముందే చెప్తున్నా.

కుట్టుమిషన్_కుమారి
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను, బట్టల దాకా వచ్చింది కాబట్టి మాట్లాడతాను. నేను బ్రిస్టల్ వైపు గ్రూపులో ఉన్నాను, వరసలోనే నిలబడతాను, తుపాకీతోనే. జుట్టు టోపీలోకి తోసేస్తే పది గజాల అవతలి నుంచి ఎవరికీ తెలీదు. డేరాలో కూర్చుని కూరలు తరుగుతావా అని మొదట్లో అడిగినవాళ్ళు ఇప్పుడు తమ కోట్ల చంకలు చిరిగితే నా దగ్గరికే వస్తారు.

మద్రాసు సిపాయి బట్టలు నిజంగా కుట్టించాలనుకుంటే ఇంగ్లీషు కోటుకన్నా తేలిక. పైన ఎర్ర కోటు పొట్టిది. కింద తెల్లటి జంగ్యా, తొడ సగం దాకా, అంచున రంపపు పళ్ళలా నీలం గీత. కాళ్ళకి చెప్పులు. మీ మంచుదేశంలో మోకాళ్ళు బయటపెట్టుకుని నిమిషానికి 75 అడుగులు వేస్తారా అనేది మీ ఇష్టం. జంగ్యాకి మిల్లు బట్ట తేవద్దు, నేత మరీ సమంగా ఉండి పట్టిస్తుంది. ఊరెళ్ళినప్పుడు చేనేత ముతక నూలు తెండి, ఒకసారి తడిపి ఆరేసి తర్వాతే కత్తిరించాలి, లేకపోతే మొదటి వానకే బిగుసుకుపోతుంది. నీలం గీత అతికించకండి, మడిచి చేత్తో కుట్టండి.

లీడ్స్_లింగం
అక్కా, మా అమ్మ వచ్చే నెల వస్తోంది. ముతక నూలు ఎన్ని గజాలు తెమ్మనమంటారు?

కుట్టుమిషన్_కుమారి
మీ నడుం కొలత చెప్పకుండా నేనెలా చెప్పను తమ్ముడూ? టేపు తెచ్చి బొడ్డు మీద కొలవండి, జీన్సు సైజు కాదు. ఒకరికే అయితే నాలుగు గజాలు, తూటాకాగితం గారు కూడా ఒప్పుకుంటే ఎనిమిది.

తూటాకాగితం
ఎనిమిది తెప్పించండి. తలపాగా బట్ట విడిగా.